గడ్డి కోసే యంత్రం స్టార్టయి వెంటనే ఆగిపోతుంటే ఏం చేయాలి?

తొలకరి పడి పెరట్లో గడ్డి ఏపుగా లేచాక, వేసవి అంతా మూలన ఉన్న లాన్ మోవర్‌ను బయటకు తీసి తాడు లాగితే, ఇంజన్ స్టార్టయి నాలుగు క్షణాలు తిరిగి ఆగిపోవడం విశాఖలో పచ్చిక పెంచుకునేవారికి తెలిసిన ఇబ్బందే. చాలామంది ముందు స్పార్క్ ప్లగ్ మార్చేస్తారు. నేనూ ఒక ఏడాది రెండు ప్లగ్‌లు మార్చాకే అసలు కారణం వైపు చూశాను. ఇంజన్ ఒకసారి అంటుకుందంటే ప్లగ్‌లో నిప్పురవ్వ పడుతున్నట్టే కనుక, ఆపై నిలవలేదంటే పెట్రోల్ సరిగా అందడం లేదని మొదట అనుమానించాలి.

పనికి ముందు ఇంజన్‌ను చల్లారనిచ్చి, ప్లగ్ టోపీ ఊడదీసి దూరంగా జరపండి. టోపీ తగిలించి ఉండగా బ్లేడును చేత్తో తిప్పితే ఇంజన్ అంటుకుని వేళ్లు తెగే ప్రమాదం ఉంది. పనంతా ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయండి.

మొదట ట్యాంకులోని పెట్రోల్‌ను చూడండి. నెల దాటి నిల్వ ఉన్నదైతే తీసేసి కొత్తది పోయడమే మేలు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. లాసన్స్ బే కాలనీ, పెద వాల్తేరు వంటి సముద్రపు గాలి తగిలే చోట్ల ఆ చెమ్మకు కొదవ లేదు. చెమ్మ మితిమీరితే నీరు, ఇథనాల్ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగున పేరుకుంటాయి.

తర్వాత ట్యాంకు మూత. దానికున్న గాలి రంధ్రం మూసుకుపోతే పెట్రోల్ కిందికి దిగదు. ఆగిపోయిన వెంటనే మూతను వదులు చేసి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ నిలకడగా నడిస్తే, దోషం మూతదేనని తేలిపోతుంది.

అక్కడా తేలకపోతే, పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు అందించే కార్బురేటర్ విప్పాలి. ఎక్కువసార్లు చిక్కు ఇక్కడే ఉంటుంది. ఇంజన్‌కు వెళ్లే గాలిని తగ్గించే చోక్ వేసినంతసేపు నడిచి, తీయగానే ఆగిపోతే, జెట్ (పెట్రోల్ వచ్చే సన్నని రంధ్రం) మూసుకుపోయిందనడానికి అది బలమైన గుర్తు. పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది కుళాయి) మూసేసి, కార్బురేటర్ కింద ఉండే చిన్న గిన్నె బోల్టును మెల్లగా విప్పి, అందులోని పెట్రోల్‌ను గాజు సీసాలోకి వంపండి. అడుగున వేరే పొరగా నీరు నిలిచినా, గిన్నెలో జిగురు, తుప్పు పొడి కనిపించినా కారణం దొరికినట్టే. కొన్ని ఇంజన్లలో ఆ బోల్టే జెట్; దాని పక్కభాగంలో ఉండే సన్నని రంధ్రాన్ని గమనించకుండా మళ్లీ బిగిస్తే శ్రమంతా వృథా. కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, కరెంటు వైరులోంచి తీసిన ఒక్క రాగి పోగుతో రంధ్రాన్ని శుభ్రం చేయండి. ఇనుప సూది వాడితే రంధ్రం పెద్దదై, పెట్రోల్ లెక్క శాశ్వతంగా తప్పుతుంది. గిన్నె అంచున ఉండే రబ్బరు రింగు ఉబ్బినా, చిట్లినా మార్చాలి.

నల్లటి పొగ వదులుతూ ఆగిపోతుంటే మాత్రం ఎయిర్ ఫిల్టర్ చూడండి. స్పాంజిదైతే సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక కొద్దిగా ఇంజన్ ఆయిల్ పట్టించాలి. కాగితపుదైతే కడగకుండా దులపాలి, బాగా మూసుకుపోతే మార్చాలి. యంత్రాన్ని వంచవలసి వస్తే ఎయిర్ ఫిల్టర్ పైవైపుకు ఉండేలా వంచండి, లేకపోతే ఎయిర్ ఫిల్టర్‌లోకి ఇంజన్ ఆయిల్ చేరుతుంది.

పది, పదిహేను నిమిషాలు బాగా నడిచి, వేడెక్కాక ఆగి, చల్లారితేనే మళ్లీ స్టార్టవుతుంటే, మూత కూడా సరిగానే ఉంటే, ప్లగ్‌కు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్‌ను అనుమానించాలి. దాన్ని మెకానిక్‌కు అప్పగించడమే క్షేమం.

బాగైన యంత్రాన్ని మళ్లీ మూలన పెట్టేటప్పుడు, ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన పెట్రోల్ అయిపోయి ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడపండి. అప్పుడు గిన్నెలో జిగురు కట్టడానికి పెట్రోల్ మిగలదు.