జాక్ పైన్‌నూ కర్ట్‌లాండ్ వార్బ్లర్‌నూ పోల్చడం ఎలా?

జాక్ పైన్ అనే చెట్టునూ కర్ట్‌లాండ్ వార్బ్లర్ అనే పిట్టనూ పోల్చమంటే చాలామంది ఎత్తు, బరువు, రంగు అంటూ గళ్లు నింపేస్తారు. 20 మీటర్ల చెట్టు పక్కన 14 గ్రాముల పిట్ట అని రాస్తే అవి రెండు కొలతలవుతాయి గాని పోలిక కాదు. అలాంటి పట్టికలు ఎన్నో దిద్దిన మీదట ఈ పద్ధతి రాస్తున్నాను.

కాగితం, పెన్సిల్, రబ్బరు చాలు. రెండు నిలువు వరుసలు గీసి, పైన పైనస్ బ్యాంక్సియానా, సెటోఫేగా కర్ట్‌లాండీ అని శాస్త్రీయ నామాలు రాయండి. జాతిని జాతితోనే పోల్చాలి. అడ్డు వరుసలకు ప్రశ్నలనే శీర్షికలుగా పెట్టాలి, అవి ఆరుకు మించకూడదు. ఎక్కడ బతుకుతుందన్న వరుస సులభం: చెట్టు కెనడాలో చాలా భాగంలో పెరుగుతుంది, పిట్ట ప్రధానంగా అమెరికాలోని మిషిగన్ రాష్ట్రపు ఇసుక నేలల్లో గూడు కట్టి, శీతకాలం బహామాస్ దీవుల్లో గడుపుతుంది.

సంతానం వరుస దగ్గర మాత్రం నెమ్మదించండి. అందరూ గుడ్డుకు ఎదురుగా గింజ అని రాసి ముందుకు వెళ్లిపోతారు, పోలిక చెడేది అక్కడే. పొదగని గుడ్డు కొద్ది రోజుల్లో పాడవుతుంది, పైన్ గింజ మాత్రం మూసుకున్న కాయలో ఏళ్ల తరబడి వేచి ఉంటుంది. అలాంటి కాయను చేతిలోకి తీసుకుని చూడండి: పొలుసుల మధ్య గోరు కూడా దూరదు, వాటిని అంటిపెట్టిన జిగురు దాదాపు 50 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే గాని కరగదు. కార్చిచ్చు వచ్చిపోయాక ఆ గింజలు బూడిద నేలపై రాలి మొలుస్తాయి. కాబట్టి గింజ, గుడ్డు అన్న పేర్లకు బదులు, సంతానం ఎంతకాలం ఆగగలదో, దేనికోసం ఆగుతుందో రాయండి.

తర్వాతి వరుస కాలానిది, దాన్ని రెండువైపులా సంవత్సరాల్లోనే కొలవాలి. ఈ పిట్ట నేల మీద, లేత పైన్‌ల కింది కొమ్మల చాటున గూడు కడుతుంది. చెట్ల వయసు సుమారు 5 నుంచి 20 ఏళ్ల మధ్య ఉన్నంతవరకే ఆ చాటు దొరుకుతుంది, ఆపైన కింది కొమ్మలు ఎండిపోతాయి. పిట్ట ఏడాదికే ఈడుకు వస్తుంది గనుక, ఒకే తరం చెట్ల కింద పిట్టల తరాలు ఎన్నో గడిచిపోతాయి. చెట్టు వయసును గీతగా గీసి, పిట్ట వచ్చే చోటునూ వెళ్లిపోయే చోటునూ దాని మీదే గుర్తించండి. ఇది లేని పట్టికను నేను పోలికగా ఒప్పుకోను.

ఆధారపడటాన్ని పోలికగా రాయకండి. పిట్టకు చెట్టు కావాలి, చెట్టుకు పిట్ట అక్కరలేదు. బాణం గుర్తు ఒకవైపే ఉండాలి.

చివరిది సంఖ్య. 1974లోనూ 1987లోనూ లెక్కకు వచ్చినవి 167 చొప్పున, అయితే అవి పాడుతున్న మగపిట్టలు మాత్రమే. మొత్తం పిట్టలుగా రాస్తే తప్పు. 2019లో అమెరికా ఈ పిట్టను అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితా నుంచి తొలగించిందని పక్కనే చేర్చండి. చెట్టు గడిలో మాత్రం చెట్ల సంఖ్య వెతక్కుండా, పిట్టకు పనికివచ్చే వయసున్న పైన్ అడవి విస్తీర్ణం రాయండి.