ఎదుటి మనిషిని బట్టి వాక్యం: విశాఖకు కొత్తగా వచ్చినవాళ్లకు తెలుగు

మా వీధిలో దిగిన నేవీ కుటుంబాలకు సాయంత్రాలు తెలుగు చెబుతుంటాను. అక్షరాల కంటే ముందు నేర్పేది ఒకటే: నోరు తెరిచేముందు ఎదుటివాళ్లను చూడండి.

'మేం కైలాసగిరి వెళ్తున్నాం' అంటే వింటున్నవాళ్లు ఆ లెక్కలో లేనట్టు. 'మనం' అంటే వాళ్లనీ కలుపుకున్నట్టు. చిక్కేమిటంటే 'వెళ్తున్నాం' రెండింటికీ ఒకటే. అందుకే మొదట్లో మేం, మనం మింగేయకుండా పైకి అనండి.

నాకు భలే ఇష్టమైనది 'అండి'. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పక్కన కూర్చున్న పెద్దాయనతో 'మా తమ్ముడు వచ్చాడండీ' అని చూడండి. 'వచ్చాడు'లో చివరి 'డు' తమ్ముడిది, 'అండి' పెద్దాయనది. ఇద్దరికీ ఒక్క మాటలోనే చెరో వరస! తర్వాత తమ్ముడివైపు తిరిగి పెద్దాయన గురించి చెప్పండి: 'ఆయన వచ్చార్రా'. 'రు' గౌరవం, 'రా' చనువు. చెల్లెలైతే 'వచ్చారే'. ఇవి నోటికి పట్టేదాకా ముందుకు వెళ్లొద్దు.

ఇక్కడ, అక్కడ తేలికే. 'ఇ' దగ్గరికి, 'అ' దూరానికి. ఫోన్లో మాత్రం జాగ్రత్త: మీ 'ఇక్కడ' అవతలివాళ్లకు 'అక్కడ'. 'ఇక్కడికి రండి' అని ఊరుకోకుండా గాజువాక అనో, మద్దిలపాలెం అనో చెప్పేయండి.