షెంజెన్ వీసా మీరే నేర్చుకోండి – 4వ పాఠం: 90/180 రోజుల లెక్క

పోయిన పాఠంలో వీసా స్టిక్కర్ చదవడం చూశాం. ఈసారి ఒక కేలండర్, పెన్సిల్ దగ్గర పెట్టుకుని కూర్చోండి. చదివితే వచ్చే పాఠం కాదు ఇది, లెక్కపెడితేనే వస్తుంది.

రూల్ చిన్నదే. ఏ 180 రోజులు తీసుకున్నా అందులో మీరు షెంజెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో, ఉన్నవి 90 రోజులు దాటకూడదు. షెంజెన్ సరిహద్దుల కోడ్‌లో 6వ ఆర్టికల్ ఇది. యూరోపియన్ యూనియన్ చట్టం కాబట్టి 29 దేశాలకూ ఒకటే ఖాతా. పారిస్‌లో 10 రోజులు, రోమ్‌లో 10 రోజులు ఉంటే 20 ఖర్చయినట్టే. స్విట్జర్లాండ్, నార్వే యూనియన్‌లో లేవు, అయినా షెంజెన్‌లో ఉన్నాయి, అక్కడి రోజులూ కలపాలి. ఐర్లాండ్ యూనియన్‌లో ఉన్నా షెంజెన్‌లో లేదు, కలపక్కర్లేదు. లండన్ సరేసరి, ఆ రోజులూ కలపక్కర్లేదు.

చాలామంది తప్పు చేసేది ‘ఏ 180 రోజులు తీసుకున్నా’ అన్న దగ్గర. 180 రోజులు వీసా ఇచ్చిన తేదీ నుంచి మొదలవుతాయనో, మొదటిసారి దిగిన రోజు నుంచి అనో అనుకుంటారు. అలా కాదు. అక్కడున్న ప్రతి రోజూ, ఆ రోజుతో కలిపి వెనక్కి 180 రోజులు చూడాలి. రేపు చూస్తే ఆ 180 రోజుల పట్టీ ఒక రోజు ముందుకు జరుగుతుంది. ముందు ఒక కొత్త రోజు చేరుతుంది, వెనక ఒక పాత రోజు రాలిపోతుంది.

మా ఇంటి లెక్కే చెబుతాను. 2025లో మ్యూనిక్‌లో ఉన్న మా చెల్లికి వేవిళ్లని అమ్మ జనవరి 10న వెళ్లి ఫిబ్రవరి 20న వచ్చింది. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కే, రాత్రి 11:50కి దిగినా ఒక రోజు పోయినట్టే. జనవరిలో 22, ఫిబ్రవరిలో 20, మొత్తం 42. సీమంతానికి మే 1 నుంచి 31 దాకా ఉంది, ఇంకో 31. రెండూ కలిపి 73. పురుటికి జులై 1న వెళ్లాలి. టికెట్లు తీసే ఏజెంట్ 90లోంచి 73 తీసేసి, ‘17 రోజులేనండీ, జులై 17కి తిరిగి వచ్చేయాలి’ అన్నాడు. అమ్మ ఏమీ మాట్లాడలేదు. పాస్‌పోర్ట్ తెచ్చి నా ముందు పెట్టి, ‘నువ్వొకసారి చూడు’ అంది.

స్టాంపులు చూశాను. మూలలు పదునుగా ఉన్నది లోపలికి వెళ్లినది, మూలలు గుండ్రంగా ఉన్నది బయటికి వచ్చినది. తేదీలు కేలండర్‌లో గుర్తుపెట్టి లెక్క మొదలుపెట్టాను.

జులై 1 నుంచి వెనక్కి 180 రోజులంటే జనవరి 3. పాత 73 రోజులూ పట్టీలోనే ఉన్నాయి. జులై 8 నాటికి పట్టీ జనవరి 10న మొదలవుతుంది; 73కి 8 కలిపితే 81. జులై 9న జనవరి 10 రాలిపోతుంది. ఒకటి చేరింది, ఒకటి పోయింది, మళ్లీ 81. ఆ మొదటి ట్రిప్పులోని 42 రోజులు ఇలాగే రోజుకొకటి రాలుతూ వస్తాయి, కాబట్టి ఆగస్టు 19 దాకా లెక్క 81 దగ్గరే ఆగి ఉంటుంది. అక్కడి నుంచి మళ్లీ పెరుగుతుంది. మే నెల రోజులు రాలడం మొదలయ్యేది అక్టోబర్ చివర్లో గానీ కాదు. అందుకని ఆగస్టు 28కి 90 నిండుతుంది.

17 కాదు, 59 రోజులు. నమ్మబుద్ధి కాక మూడుసార్లు లెక్కపెట్టాను. తర్వాత యూరోపియన్ కమిషన్ సైట్‌లోని కాలిక్యులేటర్‌లో తేదీలు కొడితే అదే తేదీ వచ్చింది. పాప జులై 12న పుట్టింది. ఆగస్టు 1న బారసాలకి అమ్మ అక్కడే ఉంది, పాపని ఉయ్యాల్లో వేసింది ఆవిడే.

మీ వీసా స్టిక్కర్ మీద ‘ఉండగలిగే రోజులు’ 30 అని రాసి ఉంటే మీకు 30 రోజులే. ఈ రూల్ వాటిని పెంచదు. వీసా గడువు చివరి తేదీ దాటి ఉండటానికీ లేదు. మీకు జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంటే జర్మనీలో ఉన్న రోజులు ఈ ఖాతాలోకి రావు. ఎక్కువకాలం ఉండనివ్వాలా వద్దా అన్నది ఆ దేశం చేతిలో ఉంటుంది, దాని గురించి 6వ పాఠంలో.

‘ఒకటి రెండు రోజులు ఎక్కువైతే ఎవరు చూస్తారులే’ అనే మాట దయచేసి వినకండి. 2025 అక్టోబర్ 12 నుంచి సరిహద్దుల్లో స్టాంపు బదులు వేలిముద్రలు, ఫోటోతో రాకపోకలు నమోదు చేసే ఈఈఎస్ దశలవారీగా మొదలైంది. రోజులు మించితే కంప్యూటరే చూపిస్తుంది.

ఇక మీ వంతు. ఒకాయన 2026 మార్చి 5న ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, ఏప్రిల్ 10 ఉదయం లండన్ వెళ్లి, 14 సాయంత్రం తిరిగొచ్చి, మే 3న ఇండియాకి బయల్దేరాడు. మళ్లీ ఆగస్టు 20న వెళ్తున్నాడు. దిగేముందు ఖాతాలో ఎన్ని రోజులు ఖర్చయి ఉంటాయి? ఏ తేదీ దాకా ఉండొచ్చు? కాలిక్యులేటర్ వెంటనే తెరవకండి, ముందు పెన్సిల్‌తో చేయండి. జవాబుతో 5వ పాఠం మొదలుపెడదాం.