ఫ్యాటీ లివర్‌కు తక్కువ పిండిపదార్థాల ఆహారం – నాలుగవ పాఠం: తీసేసిన చోట ఏం పెట్టాలి?

ఈ పాఠాన్ని నేరుగా కొవ్వులతో మొదలుపెట్టాలని అనుకున్నాను. అయితే మూడవ పాఠం తరువాత పాఠకులు రాసి పంపిన వారపు పట్టికలు చదివాక, ఆ పాఠం తెచ్చిన చిక్కులను విప్పకుండా ముందుకు వెళ్లడం సరికాదనిపించింది. రోజుకు 130 గ్రాములకు మించకుండా పిండిపదార్థాలు తినమనీ, దాన్ని పూటకు 40 గ్రాముల చొప్పున పంచుకుని మిగిలిన పదింటిని పాలకో పండుకో వదులుకోమనీ చెప్పాను. చాలామంది మూడు రోజులు నిష్ఠగా పాటించి, నాలుగవ రోజున తల తిరిగి, నీరసపడి మానేశారు. 130 గ్రాముల దగ్గర సాధారణంగా అంత నీరసం రాకూడదు. పట్టికలను వరుసగా చూస్తే కారణం దొరికింది: వండక ముందరి తూకమూ, వండిన తరువాతి తూకమూ కలిసిపోయాయి.

బియ్యం 100 గ్రాములలో సుమారు 80 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అదే అన్నం 100 గ్రాములు తూస్తే 28 గ్రాములే ఉంటుంది, ఎందుకంటే మిగిలిన బరువులో ఎక్కువ భాగం నీరే. పూటకు 40 గ్రాములు కావాలనుకున్న ఒక పాఠకుడు బియ్యం అంకె చూసుకుని 50 గ్రాముల అన్నం పెట్టుకున్నాడు. ఆయనకు అందింది 14 గ్రాములు. మూడు పూటలకూ కలిపి 42. అంటే తనకు తెలియకుండానే ఆయన రోజుకు 50 గ్రాములకు లోపు తినే అతి కఠినమైన పద్ధతిలోకి జారిపోయాడు. ఇంకొకరు దీనికి సరిగ్గా ఎదురు పొరపాటు చేశారు: అన్నం అంకె చూసి 140 గ్రాముల బియ్యం కొలిచి వండుకున్నారు. ఒక్క పూటలోనే 112 గ్రాములు.

బియ్యానికీ అన్నానికీ మనకు వేర్వేరు మాటలున్నాయి కనుక అక్కడ పొరపాటు చేసినవారు తక్కువే. అసలు ప్రమాదం పప్పు దగ్గర వచ్చింది, ఎందుకంటే డబ్బాలో ఉన్నదాన్నీ పప్పే అంటాం, ఉడికి గిన్నెలో ఉన్నదాన్నీ పప్పే అంటాం. ఎండు పప్పు 100 గ్రాములలో పీచుతో కలిపి సుమారు 60 గ్రాముల పిండిపదార్థం ఉంటే, ఉడికించి నీరు వార్చిన పప్పులో 20 గ్రాములే ఉంటుంది. ఓట్స్‌దీ ఇదే కథ: పొడిగా ఉన్నప్పుడు 66, నీళ్లతో జావగా ఉడికించాక సుమారు 12. మూడవ పాఠంలోని పట్టికలో ‘పప్పు’, ‘ఓట్స్’ అని మాత్రమే రాసి ఊరుకోవడం నా లోపం. ఆ పట్టికలో ప్రతి పదార్థం పక్కన ‘వండినది’ అన్న మాట చేర్చుకోండి. నేను మాత్రం ఎప్పుడూ వండిన తరువాతే తూస్తాను. తినేది అదే కనుక లెక్క నేరుగా కుదురుతుంది, ఇంట్లో నలుగురికీ కలిపి వండినప్పుడు భాగహారాల అవసరమూ ఉండదు.

రెండవ చిక్కు బరువుది. మొదటి వారంలో రెండు కిలోలు తగ్గి, రెండవ వారంలో ముల్లు కదలకపోయేసరికి చాలామంది నిరాశపడ్డారు. శరీరం కాలేయంలో దాదాపు 100 గ్రాములు, కండరాలలో దాదాపు 400 గ్రాముల పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. ప్రతి గ్రాముకూ సుమారు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. పిండిపదార్థం తగ్గించగానే ముందుగా ఖర్చయ్యేది ఆ నిల్వ, దానితోపాటే బయటికి పోయేది ఆ నీరు. కనుక మొదటి వారంలో తగ్గిన బరువులో చాలా భాగం కాలేయంలోని కొవ్వు కాదు. అసలు లెక్క రెండవ వారం నుంచి మొదలవుతుంది. శరీర బరువులో 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది, 7 శాతం దాటితే వాపు తగ్గే అవకాశం పెరుగుతుంది, 10 శాతం చేరినవారిలో మచ్చకట్టిన కణజాలం కూడా మెరుగుపడవచ్చు. 80 కిలోల మనిషికి ఇది 4 నుంచి 8 కిలోలు. తొందర మాత్రం వద్దు. నీటి బరువు పోయాక కూడా వారానికి కిలోన్నరకు మించి తగ్గుతూ పోతే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది.

మూడవది చిక్కు కాదు, ఆందోళన. ఇన్సులిన్ తీసుకుంటున్న ఒకరు వైద్యునికి చెప్పకుండా ఆహారం మార్చుకుని, అర్ధరాత్రి చెమటలు పట్టి లేచారు. మొదటి పాఠంలోని హెచ్చరికను మళ్లీ రాస్తున్నాను. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మధుమేహ మాత్రలు గాని వాడేవారికి పిండిపదార్థం తగ్గితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని వచ్చే మధుమేహ మాత్రలు వాడేవారు బాగా కఠినమైన పద్ధతి పాటిస్తే, చక్కెర ఎక్కువగా లేకపోయినా రక్తంలో ఆమ్లం పేరుకుపోవచ్చు. రక్తపోటు మాత్రల మోతాదునూ మార్చవలసి రావచ్చు. వీరంతా ముందుగా వైద్యునితో మాట్లాడి, ఆ తరువాతే మొదలుపెట్టాలి. గర్భిణులూ, సిర్రోసిస్ (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడిన దశ) ఉన్నవారూ ఈ పాఠాలను సొంతంగా అనుసరించవద్దు.

ఇక ఈనాటి పాఠానికి వస్తాను. చక్కెర పానీయాల గురించీ, మద్యం గురించీ మళ్లీ చెప్పను. పళ్లెంలో పిండిపదార్థం తగ్గించాక ఒక ఖాళీ ఏర్పడుతుంది. కాలేయం బాగుపడుతుందా లేదా అన్నది ఆ ఖాళీలోకి ఏం వచ్చి చేరిందన్న దాని మీద కూడా చాలావరకు ఆధారపడుతుంది. పట్టికల్లో నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే. ‘పిండిపదార్థం సున్నా’ అన్న ఒక్క కారణంతో వెన్న, మీగడ, చీజ్, కొబ్బరినూనె లెక్కాపత్రం లేకుండా వచ్చి చేరాయి.

ఒక పట్టికను దగ్గరగా చూద్దాం. ఆ పాఠకురాలు ఇదివరకు రోజుకు 300 గ్రాముల పిండిపదార్థం తినేవారు, 130కి తగ్గించారు. తీసేసింది 170 గ్రాములు, గ్రాముకు 4 చొప్పున 680 కేలరీలు. ఆ చోట మూడు పెద్ద చెంచాల వెన్న పెట్టారు: 300 కేలరీలు. వంద మిల్లీలీటర్ల చిక్కని మీగడ: దాదాపు 340. వంద గ్రాముల చీజ్: 400. మొత్తం 1040. పిండిపదార్థాల గడిలో ఆమె అంకె తప్పులేనిది. కాలేయానికి మాత్రం రోజూ మునుపటికంటే 360 కేలరీలు ఎక్కువే అందాయి.

ఇది కేలరీలతో ఆగిపోయే విషయమూ కాదు. 2018లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, అధిక బరువున్న 38 మందికి మూడు వారాలపాటు రోజుకు 1000 కేలరీలు అదనంగా ఇచ్చారు. వెన్న, కొబ్బరినూనె, చీజ్ వంటి సంతృప్త కొవ్వులు తిన్నవారి కాలేయంలో కొవ్వు 55 శాతం పెరిగింది. పండ్ల రసం, మిఠాయిల రూపంలో చక్కెర తిన్నవారిలో 33 శాతం పెరిగింది. ఆలివ్ నూనె, గింజల వంటి అసంతృప్త కొవ్వులు తిన్నవారిలో 15 శాతం పెరిగింది. అదనపు కేలరీలు అందరికీ ఒక్కటే అయినా కాలేయం వాటిని ఒకేలా తీసుకోలేదు. చక్కెరకు భయపడి సంతృప్త కొవ్వు కిందికి వెళ్లి నిలబడటం ఎండకు భయపడి నిప్పుల్లోకి దూకినట్టే అవుతుంది.

దీని వెనుక ఉన్న కారణం తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. కాలేయంలో చేరే కొవ్వుకు మూడు దారులున్నాయి. ఫ్యాటీ లివర్ ఉన్న కొందరిలో ఆ మూడింటినీ విడివిడిగా కొలిచిన 2005 నాటి పరిశోధనలో, 59 శాతం శరీరంలోని కొవ్వు నిల్వల నుంచి రక్తంలోకి విడుదలైన కొవ్వు ఆమ్లాల ద్వారా, 26 శాతం పిండిపదార్థాల నుంచి కాలేయమే స్వయంగా తయారుచేసుకున్నదిగా, 15 శాతం నేరుగా తిన్న కొవ్వు నుంచి వచ్చినట్టు తేలింది. పిండిపదార్థం, ముఖ్యంగా చక్కెర తగ్గించినప్పుడు ఆ 26 శాతం దారి ఇరుకవుతుంది. 59 శాతం దారి ఇరుకు కావాలంటే ఒంట్లో కొవ్వు నిల్వే తగ్గాలి. వెన్నతో ఆ లోటును పూడ్చేస్తే ఒక దారి మూసి రెండు దారులు తెరిచినట్టవుతుంది.

కాబట్టి ఖాళీ అయిన చోట ముందుగా మాంసకృత్తులు, ఆ తరువాత పీచున్న కూరగాయలు, చివరగా కొలిచిన అసంతృప్త కొవ్వు పెట్టండి. నేను ఎక్కువగా చేపనే ఎంచుకుంటాను. వంద గ్రాముల చేపలో 20 గ్రాముల వరకూ మాంసకృత్తులుంటాయి, పిండిపదార్థం దాదాపు ఉండదు. కోడిగుడ్డుకు 6 గ్రాములు. శాకాహారులకు ఉడికిన పప్పుధాన్యాలు వందకు సుమారు 9 గ్రాములిస్తాయి, అయితే వాటిలోని పిండిపదార్థాన్ని లెక్కలో వేసుకోవడం మరవకండి. వాల్‌నట్లను ఆదివారం సాయంత్రమే 30 గ్రాముల చొప్పున ఏడు చిన్న డబ్బాలలో తూచి పెట్టుకుంటాను. సంచిలోంచి నేరుగా తింటే చేయి ఆగదు. డబ్బా ఖాళీ అయితే ఆనాటికి ఇక వాల్‌నట్లు లేవు. నూనెలలో నా ఓటు ఆలివ్‌కు. దానిలో సంతృప్త కొవ్వు నూటికి 14 మాత్రమే. వెన్న బరువులో సగం సంతృప్త కొవ్వే, కొబ్బరినూనెలో అయితే అది నూటికి 80 దాటుతుంది.

అభ్యాసం: ఈ వారం ఒక్కటే పని, కానీ తప్పించుకోకూడని పని. సోమవారం ఉదయం వంట మొదలు కాకముందే నూనె సీసాను మూతతో సహా తూచి, ఆ అంకెను సీసా మీదే కాగితం అంటించి రాయండి. ఆదివారం రాత్రి మళ్లీ తూయండి. వెన్న ఉంటే దాన్నీ అలాగే చేయండి. మధ్యలో కొత్త సీసా తెరిస్తే దాని బరువునూ కలపండి. తేడాను తినేవారి సంఖ్యతోనూ, ఆపైన ఏడుతోనూ భాగించండి. నలుగురున్న ఇంట్లో వారానికి 840 గ్రాములు తగ్గితే మనిషికి రోజుకు 30 గ్రాములు, అంటే 270 కేలరీలు. ఇప్పుడు అదే వారపు పట్టిక తెరిచి, నూనె గడిలో మీరు రాసుకున్న చెంచాల లెక్కను చూడండి. ఒక పెద్ద చెంచా నూనె 14 గ్రాములు. రెండు అంకెలూ కలవకపోతే సీసా చెప్పినదాన్నే నమ్మి పట్టికను దిద్దండి. దిద్దిన ఆ పట్టికతోనే ఐదవ పాఠంలోని లేబుళ్ల లెక్క మొదలుపెడతాం.