ప్రోగ్రెసివ్ రాక్‌లో సుదీర్ఘ రచనకు మెలడీ సమకూర్చుకోవడం ఎలా

రాక్ సంగీతంలో అనేక భాగాల సుదీర్ఘ రచనలకు పేరుపడిన ప్రోగ్రెసివ్ రాక్ శైలిలో ఒక పెద్ద రచన చేయాలని కూర్చునేవారిలో చాలామంది ముందుగా ఏడు మాత్రల్లోనో పదకొండు మాత్రల్లోనో ఒక రిఫ్ (పదేపదే వచ్చే చిన్న వాయిద్య వరుస) కట్టుకుంటారు. దానికి మరో రిఫ్ జతచేస్తారు, మధ్యలో ఒక కీబోర్డు సోలో పెడతారు, నెమ్మదిగా సాగే ఒక భాగాన్ని అతికిస్తారు. అలా ఇరవై నిమిషాల నిడివి సులువుగానే సమకూరుతుంది. అయితే అంతా విన్న శ్రోతను అందులో ఏదైనా ఒక ముక్క కూనిరాగం తీయమంటే తీయలేకపోతాడు. అతనికి గుర్తుండవలసిన మెలడీ ఏదో రచయిత ముందుగా నిర్ణయించుకోకపోవడమే ఇందుకు కారణం.

మూడు నిమిషాల పాటలో పల్లవి నిమిషం తిరగకముందే మళ్ళీ వస్తుంది కనుక శ్రోత జ్ఞాపకశక్తికి పెద్దగా పనిలేదు. ఇరవై నిమిషాల రచనలో మొదట విన్న బాణీ పదిహేను నిమిషాల తరువాత తిరిగి రావచ్చు. ఈలోగా తాళం నాలుగుసార్లు మారి ఉంటుంది, శ్రుతి మారి ఉంటుంది, వాయిద్యాలు మారి ఉంటాయి. అన్ని మార్పుల తరువాత కూడా శ్రోత దానిని పోల్చుకోగలిగితేనే ఆ ఇరవై నిమిషాలూ ఒకే రచనగా నిలుస్తాయి. అందువల్ల ఈ శైలిలో మెలడీని కట్టేటప్పుడు అది ఎంత అందంగా ఉందన్న ప్రశ్నతో పాటు, ఎంత కాలం తరువాత ఎంత మారిన రూపంలో వచ్చినా గుర్తుపట్టగలమా అన్న ప్రశ్నను కూడా వేసుకోవాలి. నా అభిప్రాయంలో ఈ రెండవ ప్రశ్నే ముఖ్యమైనది.

చిన్న ఎత్తుగడతో మొదలుపెట్టండి

మొదటి పనిగా, వాయిద్యం పక్కన పెట్టి గొంతుతో పాడగలిగే నాలుగు నుంచి ఎనిమిది స్వరాల ఎత్తుగడ ఒకటి కట్టండి. గిటారు చేతిలో ఉంటే వేళ్ళు తమకు అలవాటైన చోటికే పోతాయి, కీబోర్డు ముందు కూర్చుంటే కార్డులు (ఒకేసారి కలిపి పలికించే స్వరాలు) ముందుకు వచ్చి మెలడీ వాటి వెనుక దాక్కుంటుంది. గొంతు ఒక్కటే ఆ మెలడీ తనంతట తాను నిలబడుతుందో లేదో నిజాయతీగా చెబుతుంది.

ఎంత చిన్న ఎత్తుగడ ఎంత పెద్ద రచనను మోయగలదో తెలుసుకోవడానికి పింక్ ఫ్లాయిడ్ బృందం 1975లో విడుదల చేసిన 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్' వినడం మంచిది. తొమ్మిది భాగాలుగా, మొత్తం సుమారు 26 నిమిషాలు సాగే ఆ రచనకు గుర్తుగా నిలిచినవి డేవిడ్ గిల్మర్ గిటారుపై పలికించిన నాలుగు స్వరాలే: బి ఫ్లాట్, ఎఫ్, జి, ఇ. జి స్వరాన్ని షడ్జమంగా పెట్టుకుంటే అవి గ, ని, స, ద అవుతాయి. ఆ నాలుగో స్వరాన్ని గమనించండి. జి మైనర్ స్కేలులో సహజంగా ఉండేది ఇ ఫ్లాట్ కాగా, ఇక్కడ వినిపించేది దానికి అర మెట్టు పైనున్న ఇ. చెవి ఎదురుచూసిన చోటుకు కొద్దిగా పక్కన ఆగిన స్వరం కావడం వల్ల అది ఒక ప్రశ్నలా మిగిలిపోతుంది. ఇంకా ముఖ్యమైన విషయమేమిటంటే, ఈ నాలుగు స్వరాలూ రచన మొదలైన సుమారు నాలుగు నిమిషాలకు గానీ రావు. అప్పటివరకు దాదాపు కదలిక లేని కార్డు మీద సింథసైజరు, గిటారు నెమ్మదిగా సాగుతాయి కనుక, అవి వినిపించిన క్షణంలో వాటిపైనే దృష్టి నిలుస్తుంది.

మీ ఎత్తుగడలో కూడా ఇలా చెవిని ఆపే ఒక్క లక్షణం ఉండాలి. అది ఊహించని స్వరం కావచ్చు, పెద్ద దాటు కావచ్చు, ఒక విచిత్రమైన విరామం కావచ్చు. అటువంటివి రెండు మూడు పెడితే ఒకదాని ప్రభావాన్ని మరొకటి తగ్గిస్తుంది.

తాళాన్ని మెలడీ చేత మోయించండి

ఏడు, పదకొండు వంటి బేసి మాత్రల విషమ తాళాలు ఈ శైలికి గుర్తుగా స్థిరపడ్డాయి కానీ, వాటిలో మెలడీ కట్టడంలోనే ఎక్కువమంది తడబడతారు. ఏడు మాత్రలను ముందుగా నిర్ణయించి అందులో స్వరాలను కూర్చితే మెలడీ కుంటుతున్నట్లు వినిపిస్తుంది. దానికి బదులు, మెలడీని ఏ తాళమూ లేకుండా స్వేచ్ఛగా పాడి రికార్డు చేసుకోండి. తరువాత దానిని వింటూ కాలితో లయ వేసి, ఊపిరి తీసుకున్న చోట్లను గుర్తించి, ఒక్కొక్క పాదంలో ఎన్ని మాత్రలున్నాయో లెక్కపెట్టండి. పాదం ఏడు మాత్రలకే ముగిస్తే ఎనిమిదో మాత్ర కోసం ఒక స్వరాన్ని సాగదీయవద్దు, ఆరున్నరకు ముగిస్తే ఏడు చేయడానికి పొడిగించవద్దు. తకిట తకధిమి అని నోటితో చెప్పుకుంటూ ఆ పాదాన్ని పాడగలిగితే తాళం మెలడీలోనే ఉన్నట్లు లెక్క. రష్యన్ స్వరకర్త ముస్సోర్గ్‌స్కీ 1874లో పియానో కోసం రాసిన 'పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్'లోని ప్రొమెనేడ్ అనే భాగం ఐదు మాత్రలు, ఆరు మాత్రలు మారిమారి వస్తూ సాగుతుంది, అయినా పాడుకోవడానికి ఎక్కడా ఇబ్బంది ఉండదు. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ బృందం 1971లో ఆ రచనను రాక్ వాయిద్యాలతో వేదిక మీద వినిపించగలగడానికి ఆ బాణీకున్న ఈ గుణం కూడా ఒక కారణమని నేననుకుంటాను.

రెండో పద్ధతిలో తాళం కింద, మెలడీ పైన వేర్వేరుగా నడుస్తాయి. జెనెసిస్ బృందం 1972లో విడుదల చేసిన 'సపర్స్ రెడీ'లో చివరి భాగానికి ముందు వచ్చే 9/8 ఘట్టంలో మిగిలిన వాయిద్యాలు 3, 2, 4గా విడగొట్టిన తొమ్మిది మాత్రల లయను మార్పు లేకుండా కొడుతూ ఉంటే, టోనీ బ్యాంక్స్ ఆర్గన్ ఆ విభజనను పట్టించుకోకుండా దాని మీద తనకు నచ్చినట్లు పోతుంది. కింద ఉన్నది ఎంత మొండిగా కదలకుండా ఉంటే పైనున్నదానికి అంత స్వేచ్ఛ. ఈ పద్ధతి పాటించేటప్పుడు డ్రమ్స్ వాయించేవారిని అలంకారాలు తగ్గించమని ముందే చెప్పడం అవసరం, లేకపోతే రెండూ కలిసి గందరగోళమవుతుంది.

మూడో మార్గం, ఎక్కడ అవసరమో అక్కడ విషమ తాళాన్ని వదిలేయడం. పింక్ ఫ్లాయిడ్ 1973 నాటి 'మనీ'లో బేస్ గిటారు, పాడిన చరణాలు, సాక్సోఫోన్ సోలో ఏడు మాత్రల్లో ఉంటాయి, గిటారు సోలో మాత్రం నాలుగుకు మారుతుంది. సాగదీసిన పొడవైన స్వరాలతో మెలడీ వాయించాలనుకున్నప్పుడు నాలుగు మాత్రల నడక ఎంత హాయినిస్తుందో అక్కడ తెలుస్తుంది. ఇలా చేస్తే శైలికి అన్యాయం చేసినట్లవుతుందని మొహమాటపడవలసిన అవసరం లేదు.

అదే బాణీ, మరో వాయిద్యం

మెలడీని తిరిగి తీసుకురావడంలో అన్నిటికన్నా తేలికైన మార్పు వాయిద్యాన్ని మార్చడం. జెనెసిస్ 1973 నాటి 'ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్'లో మధ్యభాగంలో పీటర్ గాబ్రియెల్ వేణువుపై ఒక బాణీ వినిపిస్తుంది. పియానో మాత్రమే తోడుగా, సన్నగా, ఒంటరిగా ఉంటుంది. కొంతసేపటికి అదే బాణీని స్టీవ్ హాకెట్ గిటారుపై, స్వరాలను సాగదీస్తూ, వెనుక బృందమంతా నిండుగా పలుకుతుండగా వినిపిస్తాడు. స్వరాలు అవే అయినా వేణువులో సంకోచంలా వినిపించినది గిటారులో విలాపంలా మారుతుంది. ఈ రెండింటినీ వెంటవెంటనే వినండి, ఆ తరువాత మీ మెలడీని కనీసం మూడు వాయిద్యాలపై వాయించి చూడండి. వేణువు ఊపిరిని బట్టి పాదాన్ని చిన్నదిగా చేయమంటుంది, గిటారు ఒక స్వరాన్ని పట్టుకొని వణికించగలదు, పియానోలో పలికిన స్వరం వెంటనే తగ్గిపోతుంది. బాణీలో ఏ స్వరం నిజంగా అవసరమో ఈ పరిమితులు చెబుతాయి.

ఆ కాలపు మెల్లోట్రాన్ అనే కీబోర్డు వాయిద్యం దీనికి చక్కని ఉదాహరణ. అందులో ప్రతి మీటకూ ఒక టేపు ముక్క ఉంటుంది, మీట నొక్కి ఉంచినంతసేపు దానిపై రికార్డు చేసిన వయొలిన్ల ధ్వనో గాయక బృందం గొంతో వినిపిస్తుంది, సుమారు ఎనిమిది సెకన్లకు టేపు అయిపోతుంది. కాబట్టి ఎంత గంభీరమైన కార్డునైనా ఎనిమిది సెకన్లలోపు వదిలి మరొకటి పట్టుకోవాలి. ఇప్పుడు కంప్యూటరులో ఆ ధ్వనిని ఎంతసేపైనా సాగదీయవచ్చు, కానీ ఆ పాత హద్దును మనమే విధించుకుంటే పాదాలు ఊపిరి ఉన్నట్లు వినిపిస్తాయి.

మెలడీని దాచడం

ఇంతవరకు మెలడీని ఎలా వినిపించాలో చెప్పాను. దానిని ఎప్పుడు వినిపించకూడదో తెలుసుకోవడం ఇంకా కష్టమైన పని. ఈ విషయంలో కింగ్ క్రిమ్సన్ బృందం 1974లో విడుదల చేసిన 'స్టార్‌లెస్' కన్నా మంచి పాఠం నాకు తెలియదు. పన్నెండు నిమిషాలకు పైగా ఉండే ఆ రచన మెల్లోట్రాన్ వయొలిన్ల మీద తేలుతూ వచ్చే విషాదమైన గిటారు బాణీతో మొదలవుతుంది, ఆ తరువాత జాన్ వెట్టన్ గానం. నాలుగు నిమిషాలు దాటాక ఇదంతా ఆగిపోయి, పదమూడు మాత్రల్లో బేస్ గిటారు ఒక చిన్న వరుసను పదేపదే వాయిస్తుంది. దాని పైన రాబర్ట్ ఫ్రిప్ గిటారు ఒకే స్వరాన్ని కొడుతూ ఉంటుంది, చాలాసేపటికి ఒక్క మెట్టు పైకి జరుగుతుంది, మళ్ళీ అదే స్వరం. కొన్ని నిమిషాలపాటు మెలడీ అన్నదే ఉండదు. ధ్వని పెరుగుతుంది, డ్రమ్స్ దట్టమవుతాయి, చివరకు వేగం విరుచుకుపడుతుంది. ఆ ఉధృతి అంతా గడిచాక మొదటి బాణీ సాక్సోఫోన్‌పై తిరిగి వచ్చినప్పుడు కలిగే ఊరటకు ఆ బాణీ అందం ఎంత కారణమో, అది లేకుండా గడిచిన ఆ నిమిషాలు కూడా అంతే కారణం.

మీ రచనలో దీనిని పాటించాలంటే కాగితం మీద కాలరేఖ గీసి, మూల మెలడీ వచ్చే చోట్లను గుర్తుపెట్టండి. ప్రతి రెండు నిమిషాలకు ఒకసారి వస్తుంటే కొన్నిటిని కొట్టివేయండి. దాచే ముందు దానిని కనీసం రెండుసార్లు స్పష్టంగా వినిపించి ఉండాలి, ఎందుకంటే బాగా పరిచయం కాని మనిషి కోసం ఎవరూ ఎదురుచూడరు.

తిరిగి వచ్చినప్పుడు ఎంత మారాలి

మెలడీలో మార్చగలిగినవి వేగం, తాళం, శ్రుతి, కార్డులు, స్థాయి, వాయిద్యం. ఒకసారికి వీటిలో రెండు మాత్రమే మార్చమని నేను సలహా ఇస్తాను. చాలాకాలం కిందట నేను కట్టిన ఒక రచనలో చివరి భాగానికి మూల మెలడీని వేగం రెట్టింపు చేసి, మేజర్ స్కేలులోకి మార్చి, తాళం మార్చి, పైగా తలకిందులు చేసి వాయించాను. నా దృష్టిలో అది ఎంతో తెలివైన పని. విన్నవారిలో ఒక్కరికీ అది పాత బాణీ అని తెలియలేదు, అందరూ కొత్త భాగం ఒకటి అనవసరంగా చేర్చానన్నారు. వారి మాటే నిజం.

కార్డులు మార్చడం తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితమిచ్చే మార్గం. మెలడీలో ఒక్క స్వరాన్నీ కదపకుండా, కింద బేస్ గిటారు పట్టిన స్వరాన్ని మారిస్తే చాలు, అంతవరకు స్థిరంగా వినిపించిన స్వరం తేలుతున్నట్లుంటుంది. 'సపర్స్ రెడీ' ముగింపులో జరిగేదానిని ఈ దృష్టితో గమనించండి. రచన ఆరంభంలో పన్నెండు తంత్రుల గిటార్ల మధ్య మెత్తగా పాడిన బాణీ 9/8 ఘట్టం చివర్లో తిరిగి వస్తుంది, దాని వెంటనే రెండో భాగంలో వినిపించిన మరో బాణీ బృందమంతటి బలంతో వస్తుంది. రెండు పాత బాణీలు ఒకదాని వెనుక ఒకటి రావడం వల్ల అప్పటివరకు గడిచిన ఇరవై నిమిషాలూ ఒక్కసారిగా కళ్ళముందుకు వస్తాయి. యెస్ బృందం అదే 1972లో చేసిన 'క్లోజ్ టు ది ఎడ్జ్'లో పద్ధతి వేరు. పైకి లేవడం, కిందికి దిగడం గురించిన ఒక చిన్న పాదం ముందు భాగాల చివర్లోనే తొంగిచూసి, మధ్యలో నెమ్మదిగా సాగే భాగంలో పూర్తిగా విచ్చుకొని, చివర మళ్ళీ వినిపిస్తుంది. అంటే అక్కడ బాణీ ముందు విత్తనంగా పడి, తరువాత మొక్క అవుతుంది. మీ ఎత్తుగడ నాలుగైదు స్వరాలదైతే రెండో పద్ధతి, పూర్తి పల్లవి అంత పొడవున్నదైతే మొదటి పద్ధతి నప్పుతుంది.

పాడే గొంతు లేకపోయినా పల్లవి ఉండవచ్చునన్నది ఇక్కడే చెప్పుకోవాలి. ఇటలీకి చెందిన ప్రెమియాటా ఫోర్నెరియా మార్కోని బృందం 1971లో విడుదల చేసిన 'ఇంప్రెస్సియోని ది సెత్తెంబ్రె'లో చరణాలను గాయకుడు పాడితే, పల్లవి స్థానంలో మూగ్ సింథసైజరు బాణీ వస్తుంది. మాటలు చెప్పలేని చోటుకు చేరినప్పుడు ఈ ఉపాయం పనికివస్తుంది.

మిక్సింగ్ దాకా మెలడీని కాపాడండి

రచన పూర్తయ్యాక, రికార్డు చేసిన వాయిద్యాలన్నిటినీ కలిపి సరితూచే మిక్సింగ్ దశకు చేరేలోపు పాడయ్యేది తరచుగా మెలడీయే. ప్రతి వాయిద్యకారుడూ తన భాగానికి ఒక అలంకారం చేర్చుతాడు, మెలడీ ఉన్న స్థాయిలోనే కీబోర్డు కార్డులు నిండుతాయి, చివరకు అది అక్కడ ఉందని రచయితకు మాత్రమే తెలుస్తుంది. మెలడీ తారస్థాయిలో ఉన్నప్పుడు కార్డులను మధ్యస్థాయికి దించండి, మెలడీ పొడవైన స్వరం మీద ఆగినప్పుడే డ్రమ్స్‌కు అలంకారం చేసే అవకాశమివ్వండి. మొదట్లో ఏ వాయిద్యమూ లేకుండా ఫోనులో పాడుకున్న రికార్డును చెరిపివేయకుండా ఉంచుకొని, మిక్సింగ్ పూర్తయిన రోజున ముందుగా దానిని, వెంటనే తుది రూపాన్ని వినండి. ఫోనులో వణుకుతూ పాడిన పాదం తుది రూపంలో ఎక్కడ వినిపించకుండా పోయిందో ఆ నిమిషాన్ని, సెకనును రాసుకొని, అక్కడ ఏ వాయిద్యాన్ని తగ్గించాలో బృందంతో కూర్చొని తేల్చుకోండి.