ఇరుకు స్థలంలో ఇంటి ప్లాన్: మెట్లు ముందు, గదులు తర్వాత

చిన్న స్థలాల్లో ఇళ్లకు ప్లాన్లు గీయడమే నా పని. వచ్చినవాళ్లు మొదట అడిగేది ఒకటే: "బెడ్‌రూములు ఎన్ని వస్తాయి?" మెట్లు ఎక్కడ పెట్టాలో తేలేదాకా నేను గదుల మాట ఎత్తను. గది అడుగు తగ్గినా సర్దుకుంటుంది, పక్కకు జరిపినా ఒప్పుకుంటుంది. మెట్లు, డ్రైనేజీ పైపులు, వెలుతురు, ఈ మూడూ అలా సర్దుకోవు. పెద్ద స్థలంలో ఈ మూడింటినీ చివర్లో ఇరికించినా ఎవరికీ తెలియదు. ఇరవై అడుగుల వెడల్పులో అలా చేస్తే ఇల్లంతా నడవలూ చీకటి మూలలే మిగులుతాయి.

మొదట స్థలం కొలవండి. కాగితాల మీద ఉన్న కొలత నమ్మి ప్లాన్ మొదలుపెట్టొద్దు. నాలుగు వైపులా టేపు పట్టాక, రెండు మూలల నుంచి ఎదురు మూలలకు కూడా కొలవండి. ఎదురెదురు భుజాలు సమానమై, ఈ రెండు ఐమూల కొలతలు కూడా సమానమైతేనే స్థలం మూలలు మూలమట్టంగా ఉన్నట్టు. వెడల్పును ముందు, మధ్య, వెనక మూడు చోట్ల చూడండి. పక్కింటి గోడ మధ్యలో రెండంగుళాలు ఇటు ఉబ్బి ఉంటే, మీ ప్లాన్‌కు ఆ తక్కువ కొలతే లెక్క. తర్వాత మీ దగ్గరి నిబంధనల ప్రకారం ఏ వైపు ఎంత ఖాళీ వదలాలో, ఎన్ని అంతస్తులు వేయొచ్చో రాసుకోండి. ఇవి ఊరూరికీ మారతాయి కాబట్టి ఇంకొకరి ఇంటి ప్లాన్ తెచ్చి మీ స్థలంలో దించడం కుదరదు.

ఒక స్థలం తీసుకుని చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. రెండు పక్కలా ఖాళీ వదలక్కర్లేదు, పక్కవాళ్ల గోడలు ఆనుకునే ఉంటాయి. ముందు 5 అడుగులు, వెనక 3 అడుగులు వదలాలి అనుకుందాం. కట్టడానికి మిగిలేది 20 x 32, అంటే 640 చదరపు అడుగులు.

చుట్టూ 9 అంగుళాల గోడ కడితే లోపల 18 అడుగుల 6 అంగుళాలు, 30 అడుగుల 6 అంగుళాలు మిగులుతాయి. దాదాపు 564 చదరపు అడుగులు. బయటి గోడలే 76 చదరపు అడుగులు తినేశాయన్నమాట. స్ట్రక్చరల్ ఇంజనీరు ఒప్పుకుని, ఫ్రేమ్ కట్టడంలో (బరువును గోడలు కాక స్తంభాలు, దూలాలు మోసే కట్టడం) 6 అంగుళాల బ్లాక్ గోడలు వేస్తే దాదాపు 25 చదరపు అడుగులు వెనక్కి వస్తాయి. ఒక చిన్న బాత్రూం స్థలం అది. అయితే ఎండ, వాన నేరుగా తగిలే గోడను పల్చన చేసే ముందు బాగా ఆలోచించండి. ఈ వ్యాసంలో నేను 9 అంగుళాల లెక్కే వేస్తున్నాను. అందులో ఇమిడితే ఎందులోనైనా ఇముడుతుంది.

ఇప్పుడు వెలుతురు. రెండు పక్కలా గోడలే కాబట్టి కిటికీలు ముందూ వెనకా మాత్రమే. పక్క స్థలం ఇవాళ ఖాళీగా ఉందని అటు కిటికీ పెట్టుకోవద్దు. సరిహద్దు గోడకు కిటికీలు చాలాచోట్ల ఒప్పుకోరు, ఒప్పుకున్నా రేపు వాళ్లు కట్టగానే అది మూసుకుపోతుంది. కిటికీ పైఅంచు ఎంత ఎత్తులో ఉంటే దానికి సుమారు రెండు రెట్ల దూరం దాకా పగటి వెలుగు పనికొచ్చేలా లోపలికి వస్తుందని ఒక మోటు లెక్క ఉంది. లింటెల్ (కిటికీ పైఅంచు మీద అడ్డంగా వేసే దిమ్మె) 7 అడుగుల్లో ఉంటే 14 అడుగులు. 8 అడుగులకు పెంచితే 16. లింటెల్‌ను ఒక అడుగు లేపడానికి పెద్ద ఖర్చేం ఉండదు, ఇరుకు ఇంట్లో దాని ఫలితం రోజూ కనిపిస్తుంది. వెనక వదిలిన మూడడుగుల సందులోకి వెలుగు తక్కువే వస్తుంది కాబట్టి అక్కడి ప్రహరీ గోడకు తెల్ల రంగు వేయించండి.

ఈ లెక్కను కాస్త తగ్గించి, వెనక సందులో వెలుగు తక్కువని ఇంకొంచెం కోసేసి 30 అడుగుల పొడవును చూస్తే ముందు 12 అడుగులు, వెనక 8 అడుగులు వెలుతురున్న చోటు. మధ్యలో పదడుగులు చీకటి. మనుషులు కూర్చునే, పడుకునే, వంట చేసే చోట్లు రెండు చివర్లకూ పోవాలి. మెట్లు, టాయిలెట్, పైపుల డక్ట్ (పైపులు పైనుంచి కిందికి దిగే సన్నటి ఖాళీ) మధ్యలోకి రావాలి. ప్లాన్‌లో సగం ఇక్కడే తేలిపోతుంది.

మెట్ల లెక్క మీరే వేసుకోవచ్చు. కింది ఫ్లోర్ నుంచి పై ఫ్లోర్‌కు 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. 18 మెట్లు చేస్తే ఒక్కోటి 6.67 అంగుళాల ఎత్తు వస్తుంది, మోకాళ్లకు హాయి. కాలు పెట్టే వెడల్పు 10 అంగుళాలు ఇవ్వండి. మధ్యలో మలుపు తిరిగే మెట్లయితే ఒక్కో వరుసలో 9 ఎత్తులు, 8 వెడల్పులు. 80 అంగుళాలంటే 6 అడుగుల 8 అంగుళాలు, దానికి 3 అడుగుల ల్యాండింగ్ (మలుపు దగ్గరి చదునైన చోటు) కలిపితే పొడవు 9 అడుగుల 8 అంగుళాలు. అడ్డంగా మూడేసి అడుగుల రెండు వరుసలు, మధ్య 4 అంగుళాల సందు, మొత్తం 6 అడుగుల 4 అంగుళాలు. మన చీకటి పట్టీ కూడా దాదాపు పదడుగులే కాబట్టి మెట్లు అందులో సరిగ్గా కూర్చుంటాయి.

స్థలం కలిసొస్తుందని మెట్టు ఎత్తు 8 అంగుళాలు, వెడల్పు 9 అంగుళాలు చేయమని అడుగుతుంటారు. నేను గీయను. ఆ మెట్ల మీద చంటిబిడ్డను ఎత్తుకుని దిగేవాళ్లుంటారు, డెబ్బై ఏళ్లు దాటాక పట్టుకుని ఎక్కేవాళ్లుంటారు. అడుగో రెండడుగులో కావాలంటే హాల్లో తగ్గించుకుందాం.

ఇంకో మాట. మలుపు మెట్ల ల్యాండింగ్ కింద టాయిలెట్ పెట్టేద్దామన్న ఆలోచన అందరికీ వస్తుంది. లెక్క చూడండి: తొమ్మిది మెట్లకు ల్యాండింగ్ ఎత్తు 60 అంగుళాలు, స్లాబ్ మందం తీసేస్తే నాలుగున్నర అడుగులు. మనిషి నిలబడలేడు. ఫ్లోర్ గొయ్యి చేస్తే మురుగు నీళ్లకు వాలు దొరకదు. అక్కడ వాషింగ్ మెషీన్, ఇన్వర్టర్, చీపుర్లు, చెప్పుల స్టాండు పెట్టుకోండి, చక్కగా పడతాయి.

మెట్లు ఒక పక్క గోడకు ఆనించాం కాబట్టి ఎదురు గోడకు టాయిలెట్ వెళ్లాలి. 4 అడుగులు, ఆరున్నర అడుగులు. దాని వెనకే 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల 5 అంగుళాల లోతుతో డక్ట్, దాని వెనక వంటిల్లు. టాయిలెట్ పైపులు, సింకు పైపు, పై అంతస్తు బాత్రూం పైపులు అన్నీ ఈ ఒక్క డక్ట్‌లో దిగుతాయి. పైన బాత్రూంను ఇంకోచోటికి జరపాలని ఎంత అనిపించినా జరపొద్దు. జరిపితే పైపు ఎవరో ఒకరి మంచం నెత్తిన పోతుంది. అన్నట్టు, డక్ట్‌కు కనీస కొలత మీ దగ్గర ఇంత ఉండాలని నియమం ఉంటే దాని ప్రకారం పెంచండి. పైపు బాగుచేసే మనిషి దిగడానికి వీలుగా కింద ఒక చిన్న తలుపు తప్పనిసరి. మురుగు ముందు రోడ్డు వైపు పోవాలంటే 4 అంగుళాల పైపుకు సాధారణంగా 40 అడుగులకు ఒక అడుగు వాలు చూసుకుంటారు. డక్ట్ నుంచి రోడ్డుకు దూరం కొలిచి, ఆ వాలు దొరికేలా ఇంటి ఫ్లోర్ రోడ్డుకన్నా ఎంత ఎత్తులో ఉండాలో ముందే నిర్ణయించండి.

టాయిలెట్ గోడకు నాలుగున్నర అంగుళాలు పోగా మెట్లకూ టాయిలెట్‌కూ మధ్య 7 అడుగుల 9 అంగుళాలు మిగిలాయి. అదే డైనింగు, అదే వెనక గదులకు దారి. మెట్ల వైపు రెండున్నర అడుగుల టేబుల్, కుర్చీకి 2 అడుగులు, నడవడానికి 3 అడుగులు, మొత్తం ఏడున్నర. మెట్లకు డైనింగు వైపు గోడ కట్టొద్దు, రెయిలింగ్ చాలు. ఆ గోడ మందం నాలుగున్నర అంగుళాలు మిగలడం ఒకటి, మెట్ల పైకప్పులో గాజు పెట్టి వదిలిన వెలుగు నేరుగా టేబుల్ దాకా దిగడం ఇంకొకటి. ఆ గాజుకు పక్కన గాలి పోయే జాలీ ఉంటే వేడి గాలి అటునుంచి బయటికి పోతుంది. టేబుల్‌ను హాలు వైపు జరిపి, టాయిలెట్ తలుపు వెనక చివరన పెడితే తినేవాళ్లకు అది ఎదురుగా ఉండదు. ఆ తలుపు బయటికే తెరుచుకోవాలి. ఎవరైనా లోపల పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపుకు వాళ్లే అడ్డం పడతారు.

వెనక భాగం లోతు 8 అడుగుల 5 అంగుళాలు. డక్ట్ వైపు 8 అడుగుల వంటిల్లు: రెండు పక్కలా రెండేసి అడుగుల గట్లు, మధ్యలో నాలుగడుగులు. ఇద్దరు కలిసి పనిచేసుకోవచ్చు. మిగిలింది 10 అడుగుల 1 అంగుళం బెడ్‌రూము. 10 x 8 అనగానే చాలామంది ముఖం చిన్నబుచ్చుకుంటారు. అప్పుడు నేను గ్రాఫ్ కాగితం తీస్తాను, పావు అంగుళానికి ఒక అడుగు స్కేలు. అట్టముక్కను 5 x 6.5 అడుగుల మంచంగా కత్తిరించి వాళ్ల చేతికే ఇస్తాను. తలవైపు పక్క గోడకు పెడితే మంచం ఆరున్నర, ఎదురు గోడకు వార్డ్‌రోబ్ రెండు అడుగులు పోగా మధ్యలో మిగిలేది 1 అడుగు 7 అంగుళాలు. వార్డ్‌రోబ్ తలుపు తెరిచి దాని ముందు నిలబడలేరు. అదే మంచాన్ని తిప్పి తలవైపు వెనక గోడకు, ఒక అంచు పక్క గోడకు ఆనిస్తే, వార్డ్‌రోబ్‌కూ మంచానికీ మధ్య 3 అడుగులు దొరుకుతుంది. వంటింటి గోడ వెంబడి వెనక నుంచి 5 అడుగులు వార్డ్‌రోబ్, మిగిలిన మూడున్నర అడుగుల్లో గది తలుపు రెక్క ఆ గోడకే ఆనుకుని తెరుచుకుంటుంది. ఒక్క అంగుళం పెరగలేదు, గది మాత్రం వాడుకోవడానికి పనికొచ్చేదైంది. అందుకే గది కొలత ముందు అనుకుని సామాను తర్వాత సర్దొద్దు. సామాను కొలతలు రాసుకుని దాని చుట్టూ గోడ గీయండి.

హాలు గురించి చెప్పాల్సింది తక్కువే. డైనింగుతో మధ్య గోడ పెట్టకండి, మెట్ల ముందు మూడడుగులు ఖాళీ వదలండి, వీధి తలుపును మూలకు జరపండి. గోడ మధ్యలో తలుపు పెడితే రెండు పక్కలా మిగిలే ముక్కల్లో సోఫా పట్టదు. పై అంతస్తులో ముందొక బెడ్‌రూము, వెనకొక బెడ్‌రూము, డైనింగు నెత్తిన చదువుకునే బల్ల.

ఇప్పటిదాకా వేసిన కొలతలన్నీ ఇటుక నుంచి ఇటుకకు. ప్లాస్టరింగు, టైల్స్ పడ్డాక 4 అడుగుల టాయిలెట్ 3 అడుగుల 10 అంగుళాల దగ్గరికి దిగుతుంది. వార్డ్‌రోబ్ చేయించేటప్పుడు ప్లాన్ చూసి ఆర్డర్ ఇవ్వకండి, గోడ పూర్తయ్యాక కొలిచి ఇవ్వండి. మంచం పక్క దారి, వంటింటి గట్ల మధ్య దారి లాంటివి అంగుళం మీద ఆధారపడితే ప్లాన్‌లోనే రెండంగుళాలు అదనంగా ఉంచుకోండి.

ప్లాన్ ఒక రూపానికి వచ్చాక గచ్చు మీదో, చదును చేసిన నేల మీదో సుద్దతో అసలు కొలతల్లో గీయండి. ఇంట్లో అందరినీ అందులో నడవమనండి. మెట్ల మొదలు దగ్గర ఒకరు, టేబుల్ దగ్గర ఒకరు నిలబడి మూడో మనిషి వెనక్కి వెళ్లగలడో లేదో చూడండి.

ఆ తర్వాత స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఇవ్వండి, ఈ పని మానొద్దు. సరిహద్దు దగ్గర పునాది పక్క స్థలంలోకి పోకూడదు కాబట్టి అక్కడి ఫుటింగ్ (స్తంభం కింది పునాది దిమ్మె) డిజైన్ వేరేగా ఉంటుంది, దానివల్ల కాలమ్ (స్తంభం) చోటు మారొచ్చు. వాళ్లిచ్చిన కాలమ్‌లను మీ ప్లాన్ మీద అసలు సైజులో గీసి చూడండి. 9 x 12 అంగుళాల కాలమ్ పొడవు వైపు గోడ వెంబడి ఉంటే గోడలో కలిసిపోతుంది. అడ్డం తిరిగితే 3 అంగుళాలు గదిలోకి పొడుచుకొస్తుంది. అది వార్డ్‌రోబ్ పెట్టే మూలలోనో, మెట్ల దారిలోనో పడుతుంటే పునాది తవ్వకముందే ఇంజనీరును అడిగి తిప్పించండి.