లోతు పూర్తయినా గో గేజ్ ఎక్కట్లేదా? టూల్ అడుగు చూడండి

సమస్య: లేత్ మీద లోపలి థ్రెడ్ తీశారు. డయల్ లెక్కకి లోతు సరిపోయింది, కానీ గో గేజ్ (థ్రెడ్ సైజు సరిపోతే పూర్తిగా ఎక్కాల్సిన కొలత స్క్రూ) రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటోంది. ఇంకో 0.1 మి.మీ. లోతు ఇస్తే మూతి దగ్గర వదులవుతోంది, లోపల మాత్రం అంతే బిగుతు.

ముందు ఇవి చూడండి. చిప్స్ బ్రష్‌తో తీసి, అంచు బర్ (కోతకి లేచిన మొన) కొట్టేశాకే గేజ్ పెట్టారా? లేకపోతే చదవడం ఆపి ఆ పని చేయండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయి. తర్వాత పిచ్ (పక్కపక్క థ్రెడ్‌ల మధ్య దూరం) గేజ్‌తో చూడండి. పిచ్ తప్పినా ఇలాగే రెండు చుట్లకి ఆగుతుంది, దాన్ని మొదటి గీత పాస్‌లోనే (పాస్ అంటే టూల్ ఒకసారి థ్రెడ్ పొడవునా నడవడం) పట్టుకోవాలి. బోర్ (థ్రెడ్ తీయకముందు రంధ్రం వ్యాసం) కూడా కొలవండి. ఎం 24×3 (24 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. పిచ్) థ్రెడ్‌కి 20.752 నుంచి 21.252 మి.మీ. మధ్య ఉండాలి. 21 బోర్‌కి ఒక పక్క లోతు 1.5. అదైనా టూల్ ముక్కు 0.375 చదునుగా ఉంటేనే. సూదిగా ఉంటే ఇంకో 0.3 దాకా లోపలికి పోవాలి.

ఇవన్నీ సరిగ్గానే ఉంటే, టూల్ హీల్ (కోసే అంచుకి కింద ఉండే అడుగు భాగం) గోడకి రాసుకుంటోందేమో చూడండి. దీన్ని బార్ (టూల్‌ని పట్టుకునే కడ్డీ) వంగడం అనుకుని పాస్ మీద పాస్ కొడుతూ పోతారు. తేడా తెలియాలంటే డయల్ కదపకుండా ఒక పాస్ తిప్పండి. సన్న చిప్ వస్తే బార్ వంగింది, అలాంటి పాస్‌లు రెండు మూడు వేస్తే సరిపోతుంది. చిప్ రాకుండా కీచుమని గోడ మెరిస్తే టూల్ కోయడం లేదు, రుద్దుతోంది. అప్పుడు టూల్ ముందు ముఖానికి మార్కర్ పూసి ఇంకో పాస్ తిప్పండి. అంచుకి కింద ఎక్కడో రంగు పోయి ఉంటుంది.

బయటి థ్రెడ్‌కి బాగా నడిచే 10 డిగ్రీల క్లియరెన్స్ (అంచు కింద టూల్ ముఖం గోడ నుంచి వెనక్కి వాలే కోణం) ఇక్కడ చాలదు. 24 వ్యాసంలో అంచుకి 5 మి.మీ. కింద గోడ 1.1 మి.మీ. ముందుకు వంగి వస్తుంది, 10 డిగ్రీలు ఇచ్చే ఖాళీ 0.9 మాత్రమే. పైగా కోత ఒత్తిడికి బార్ కిందకి కుంగుతుంది. 0.2 కుంగితే ఇంకో డిగ్రీ పోయినట్టే. మూతి దగ్గర ఒత్తిడి పూర్తిగా పడేలోపే కొంత లోతు వచ్చేస్తుంది, ఆ తర్వాత హీల్ బార్‌ని పక్కకి తోసేస్తుంది. మూతి వదులు, లోపల బిగుతు అందుకే.

పరిష్కారం: అంచుకి 2 మి.మీ. కింద నుంచి 25-30 డిగ్రీల రెండో క్లియరెన్స్ గ్రైండ్ చేయండి. కుడి థ్రెడ్‌ని మూతి నుంచి లోపలికి తీస్తుంటే, చక్ (పనిముక్కని పట్టే భాగం) వైపు పక్క క్లియరెన్స్‌కి హెలిక్స్ కోణం (థ్రెడ్ వాలు) కలపండి, ఎం 24×3కి సుమారు 2.5 డిగ్రీలు. టూల్‌ని సెంటర్‌కి 0.1-0.2 పైన కట్టండి. బార్ పొడవు బోర్‌కి కావలసినంతే బయటకి ఉంచండి.

మార్కర్ రంగు అలాగే ఉంటే బార్ వీపు చూడండి. టూల్ వెనక్కి లాగేటప్పుడు ఎదుటి గోడకి కొట్టుకుంటూ ఉండొచ్చు. సన్న బార్ వేస్తే పోతుంది. లీడ్ స్క్రూ (థ్రెడ్ తీసేటప్పుడు టూల్‌ని నడిపే స్క్రూ) అరిగిందనే అనుమానం పొట్టి థ్రెడ్‌కి అక్కర్లేదు.